కప్పును మోసిన తోలు వార్లు

బుధవారం. పొద్దు పొడిచి రెండు గంటలయింది; ఆ ఊళ్ళో గంటల లెక్క పొద్దుపొడుపు నుంచే. పియాసా పేట ఠాణాలో లాకప్పు తలుపు తీయించి, ఇన్‌స్పెక్టర్ అస్కాలె కుర్చీ కూడా తెమ్మనకుండా ముసలాయనకి ఎదురుగా నేలమీదే కూర్చుంది. ఉపవాసం రోజు కాబట్టి నెయ్యీ మాంసమూ తగలని శనగపిండి పులుసు, రెండు ఇంజెరా రొట్టెలు ఇంటి దగ్గర్నుంచి మూటగట్టి తెచ్చింది. ఆయన మూట వైపు కన్నెత్తి చూడలేదు.

ఆయన పేరు బెయెన్. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ గాషే బెయెన్, పెద్దాయన అన్నమాట. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. అందులో యాభై ఆరేళ్ళు బిర్హాన్ థియేటరు కప్పు మీదే గడిచిపోయాయి. వానలకి ముందు రేకుల సందులకి తారు పూయడం, ఏడాదికి రెండుసార్లు దీపాల గుత్తి దింపి తుడిచి మళ్ళీ ఎక్కించడం, అటకలో ఎలుకల్ని తోలడం ఆయన పని. అలాంటి మనిషికి సోమవారం సంకెళ్ళు పడ్డాయి. ఆ పొద్దున నాలుగో గంటకి రిహార్సల్ జరుగుతూండగా హాలు లోకప్పులోంచి మంచమంత గచ్చు పెళ్ళ ఊడి, ఎడమపక్క ఏడో వరుస మీద పడింది. అక్కడ కూర్చుని తన మాటలు వల్లించుకుంటున్న పెద్ద నటి జెనెబెచ్ గారికి భుజం ఎముక విరిగింది. ఆ రోజే ఇంజనీరు రిపోర్టు వచ్చింది. కప్పును మోసే ఉక్కు తీగలు తుప్పుపట్టి తెగాయట, చూసుకోవాల్సినవాడు చూసుకోలేదట. ఆ రిపోర్టు చేతపట్టుకుని ఇవాళ ఆరో గంటకి, ఎండ నడినెత్తికొచ్చే వేళకి, కమిటీ వచ్చి థియేటరు పడగొట్టే కాగితం మీద సంతకాలు పెడుతుంది. సంతకాలు పడ్డాయా, డెబ్భై ఏళ్ళ థియేటరు నేలమట్టం, గాషే బెయెన్ జైలుపాలు. చేతిలో ఉన్నది నాలుగు గంటలు.

అస్కాలె అడిగిందే అడిగింది. తీగలు ఎప్పుడు చూశావు, తుప్పు ఎప్పుడు కనిపించింది, అటక తాళంచెవులు ఎన్ని. తాళంచెవుల మాటకి మాత్రం జవాబు వచ్చింది. రెండుండేవి. ఒకటి ఆయన మొలతాడుకి ఉండేది, సోమవారం పోలీసులు లాక్కున్నారు. రెండోది మేనేజరు దగ్గరుండేది, మూడేళ్ళ క్రితమే పోయిందని ఆ మేనేజరే అన్నాడు. ఇక తీగల మాట ఎత్తితే చాలు, ముసలాయన పెదవులు కుట్టేసినట్టు మూసుకుపోయేవి.

అస్కాలెకి ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆయన్ని అలా కూర్చోబెట్టినవాళ్ళ మీద.

"గాషే, నేను నీ మెడకి ముడి బిగించడానికి రాలేదు, విప్పడానికొచ్చాను. ముడి ఎక్కడుందో నువ్వే చూపించకపోతే ఎట్లా చెప్పు?"

ఆయన తలెత్తాడు.

"ఆదివారం రాత్రి వానేమైనా పడిందా తల్లీ?"

"ఈ నెలలో వానేంటి గాషే? ఆకాశం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది."

ఆ మాట వినగానే ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఎంత బతిమాలినా ఇంకో మాట రాలేదు. అస్కాలె లేచి తలుపు దాకా వచ్చాక మాత్రం వెనకనుంచి ఒకటే అడిగాడు, తన కూతురి అత్తవారింటికి పోలీసుల్ని పంపొద్దని. కూతురు గొప్ప ఇంట్లో పడింది, ఇద్దరు పిల్లల తల్లి. పంపనని మాటిచ్చింది. పీక మీద కత్తి పెట్టుకుని కూర్చున్నవాడికి కూతురి అత్తవారి మర్యాద ఎందుకింత బరువైందో ఆమెకి అంతుపట్టలేదు. వాన మాట అసలే అంతుపట్టలేదు.

మూడో గంటకి థియేటరు మెట్లెక్కేసరికి కమాండర్ ఖాసాహున్ ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. పై ఆఫీసు మనిషి. ఈ కేసు సాయంత్రంలోగా మూసెయ్యమని ఆయనకి ఉత్తరువు. అస్కాలెని ఆయన ఏనాడూ సమానంగా చూసింది లేదు. అందుకు కారణం ఉద్యోగం కాదు, పుట్టుక. అస్కాలె తాతలు ఊరి చివర తోళ్ళు పదునుచేసుకుని బతికినవాళ్ళు. వాళ్ళ కళ్ళు పడితే పాలు విరుగుతాయనీ, చీకటి పడితే వాళ్ళు హైనాలైపోతారనీ నమ్మి, ఒక కంచంలో చెయ్యి పెట్టని జనం ఇప్పటికీ ఉన్నారు. చేత్తో పనిచేసి బతికేవాళ్ళంటే అంత చులకన. అస్కాలె ఎప్పుడూ దాచుకోలేదు. దాచుకోకపోవడమే ఖాసాహున్‌కి ఇంకా మంట.

ముందు హాలు గోడకి పాలరాతి పలక ఉంది. ఆర్మేనియా మేస్త్రీ గారబెద్ ఈ థియేటరు కట్టాడనీ, మూడు అంతస్తుల గుర్రపులాడం ఆకారపు హాలూ, రాజుగారి గదీ, స్తంభం లేని గుమ్మటం ఆయన చలవేననీ, ఆ గుమ్మటం బెల్జియం నుంచి వచ్చిన ఉక్కు తీగలమీద వేలాడుతోందనీ బంగారు అక్షరాలు చెక్కారు. ఖాసాహున్ ఆ పలకకి వీపు ఆనించి, ఇంజనీరు ఇచ్చిన సంచిలోంచి మూడు తుప్పు తీగ ముక్కలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు.

అస్కాలె ముక్కల్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"డెబ్భై ఏళ్ళు గచ్చులో పాతుకున్న తీగకి సున్నం రేణువు కూడా అంటుకోలేదేం కమాండర్ గారూ?"

"రాలిపోయి ఉంటుంది."

"రిపోర్టు మీద ముద్ర ఐదో గంటది. పెళ్ళ పడింది నాలుగో గంటకి. మీ ఇంజనీరు ఊరవతల నుంచి వచ్చి, యాభై రెండు మెట్లెక్కి, అటకంతా గాలించి, దిగి, నాలుగు పేజీలు టైపు కొట్టించాడు. అన్నీ గంటలో. కాళ్ళకి చక్రాలున్నాయా ఆయనకి?"

"చదువుకున్నవాడు త్వరగా పనిచేస్తాడు. తోలు నానబెట్టినట్టు నెలల తరబడి నానబెట్టడు."

దగ్గరున్న ఇద్దరు కానిస్టేబుళ్ళు తల దించుకున్నారు. అస్కాలె తల దించుకోలేదు.

"నిజమే. మా తాత నానబెట్టిన తోలు నలభై ఏళ్ళు చెడేది కాదు. మీ ఇంజనీరు రిపోర్టు మూడు రోజులకే కంపు కొడుతోంది."

ఇంతలో హాలు తలుపుల దగ్గర గొడవ లేచింది. అరవై డెబ్భై మంది ముసలివాళ్ళు, ఒకప్పటి నటులు, పాటగాళ్ళు, తెర లాగినవాళ్ళు, తెల్లని నూలు పైబట్టలు కప్పుకుని వరసగా వచ్చారు. ముందు జెనెబెచ్ గారు, చెయ్యి మెడకి కట్టు వేసి ఉంది. కమిటీ వచ్చేసరికి హాల్లో కూర్చుని ఉంటాం, మా మొహాలు చూసి సంతకం పెట్టమనండి అని వాళ్ళ పట్టుదల. మేనేజరు శిమెలిస్ గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. లోపలికి అనుమతి లేదంటాడు. బయట అరుగు మీద కుర్చీలు వేయిస్తానంటాడు, అందరికీ కాఫీ ఇప్పిస్తానంటాడు. ఇంకా ఎండ ఎక్కలేదు గానీ ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

అసలే కాగిపోతున్న అస్కాలెకి అది చూసి ఆగలేదు. ఒకళ్ళు గోచీ బిగించి ఈ హాలు నిలబెడితే ఇంకొకళ్ళు గుమ్మంలో నిలబడి వాళ్ళనే గెంటుతున్నారే అనిపించింది. గబగబా వెళ్ళి శిమెలిస్ చెయ్యి తీసి పక్కకి పెట్టింది.

"ఎవరి హాలండీ ఇది? మీ నాన్నగారు కట్టించారా?"

"అమ్మా, మీకు తెలీదు. కప్పు బాగాలేదు. నా మాట వినండి."

"ఎడమపక్క తాడు కట్టే ఉంది కదా. మధ్యలో కూర్చుంటారు. పూచీ నాది. సంతకం కావాలా?"

ఆయన పక్కకి తప్పుకున్నాడు. అస్కాలె తానే ముందు నడిచి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి తీసుకెళ్ళి, గుమ్మటం కింద మధ్య వరుసల్లో కూర్చోబెట్టింది. జెనెబెచ్ గారిని ఐదో వరుస నడిమి కుర్చీలో కూర్చోబెట్టి మెడ వెనక దిండు సర్దింది.

"బంగారు తల్లివి," అంది జెనెబెచ్ గారు. "సోమవారం చావలేదని వాళ్ళకి ఎంత కష్టం కలిగిందో. రానీ, ఇవాళ ఎదురుగానే కూర్చుంటా."

అక్కడినుంచి అటక మెట్లు. గాషే బెయెన్ తాళంచెవి ఠాణా కవరులోంచి తీసి, సీలు తెంపి, ఖాసాహున్‌ని కూడా రమ్మంది. దుమ్ములోకి తానెందుకన్నాడు. రాకపోతే ఫలానా అధికారి చోటు చూడ్డానికి ఒప్పుకోలేదని తన పుస్తకంలో రాసుకుంటానంది. యాభై రెండు మెట్లూ ఆయన గొణుక్కుంటూనే ఎక్కాడు.

తలుపు తెరవగానే ఒక వాసన మొహానికి కొట్టింది. కమాండర్ జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అస్కాలె మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ వాసన ఆమెకి కొత్త కాదు. తాత చేతులకి ఉండే వాసన అది. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుంటే ఒంటికి పట్టేది. బళ్ళో పక్కనున్న పిల్లలు జరిగి కూర్చునేది అందుకే.

టార్చి వేసింది. కింద నుంచి చూసేవాళ్ళకి ఆకాశంలా కనిపించే గుమ్మటం పైనుంచి చూస్తే బోర్లించిన పెద్ద గంపలా ఉంది. నీలగిరి కర్రల అల్లిక, దాని మీద గచ్చు. ఆ గంప పైనున్న దేవదారు దూలాలకి వేలాడుతోంది. వేలాడదీసింది తీగలతో కాదు. ఎక్కడా ఒక్క తీగ లేదు. వందల కొద్దీ పచ్చితోలు వార్లు, ఒక్కోటి బొటనవేలంత వెడల్పు. తడిగా ఉన్నప్పుడు కట్టి వదిలేస్తే ఎండేకొద్దీ బిగుసుకుని, ఇనుముకి తీసిపోని గట్టి పట్టు పడుతుంది. పల్లెల్లో ఇంటి వాసాలు కట్టేది ఆ వార్లతోనే. ప్రతి వారుకీ ఎలుకలు కొరక్కుండా కలబంద పసరు పూసి ఉంది.

కమాండర్ ముందు నమ్మలేదు. రాతి పలక మీద బెల్జియం తీగలని ఉందిగా అన్నాడు.

"మీ ఇంజనీరు కూడా ఆ పలకే చదివాడు. ఎక్కింది ఆ నాలుగు మెట్లే. ఈ యాభై రెండూ ఎక్కి ఉంటే తుప్పు తీగలు సంచిలో వేసుకురాడు."

అస్కాలె ఎడమపక్కకి, సోమవారం పెళ్ళ ఊడిన చోటికి, దూలం పట్టుకుని నడిచింది. అక్కడ వార్లు తెగలేదు, కుళ్ళలేదు. మిగతావాటికంటే జానెడు పొడుగు సాగి, ముడులు జారి, సాగినవి సాగినట్టే ఎండి మెలికలు తిరిగి ఉన్నాయి. తోలు ఇలా సాగాలంటే ఒకటే దారి. నీళ్ళు తాగాలి. నీళ్ళు తాగిన తోలు రెండు మూడు గంటల్లో పేగులా మెత్తబడి, బరువుకి ముడి వదిలేస్తుంది. పైన రేకుల్లో చిల్లు లేదు, తారు నల్లగా మెరుస్తోంది. వాన పడిందా అని గాషే బెయెన్ ఎందుకడిగాడో అప్పుడర్థమైంది. పైనుంచి చుక్క పడలేదంటే, ఎవరో మోసుకొచ్చి పోశారన్నమాట. అగ్గి భయానికి వరసగా పెట్టిన ఎర్ర బకెట్ల దగ్గరికి వెళ్ళి చూసింది. పన్నెండు బకెట్లు. నాలుగింటికి అడుగున ఎండిన బురద. మరో ఎనిమిదింటి అడుగున ఇంకా తడి.

ఆ తడి చూసేసరికి టార్చి నడిమి వైపు తిప్పింది. మోకాళ్ళ మీద పాకుతూ గుమ్మటం నడిమికి వెళ్ళి మొదట దొరికిన తోలు వారుని పట్టుకుంది. చల్లగా, మెత్తగా, చేపలా జారింది. పక్కది కూడా. దాని పక్కది కూడా.

"కమాండర్ గారూ, అటక తాళంచెవి సోమవారం నుంచి నా సీలు కవరులో ఉంది. గాషే బెయెన్ నా లాకప్పులో ఉన్నాడు. ఈ నీళ్ళు ఇవాళ పొద్దున పోసినవి. చెప్పండి, ఎవరు పోశారు?"

ఆయన జేబురుమాలు దింపాడు. రెండో తాళంచెవి పోలేదు, మేనేజరు దగ్గరే ఉంది. కమిటీ మెట్లెక్కే వేళకి ఖాళీ హాల్లో మరో పెళ్ళ పడాలి, అది చూసి ఎవరూ మారు మాట్లాడకూడదు. అదీ లెక్క. అందుకే గుమ్మంలో శిమెలిస్‌కి ఆ చెమట, ఆ కుర్చీలు, ఆ కాఫీ. చెబితే తన దొంగపని బయటపడుతుంది కాబట్టి చెప్పలేదు. చెప్పని ఆ మాట కింద అరవై డెబ్భై మంది ముసలివాళ్ళని తన చేత్తో, తన పూచీ మీద, తీసుకెళ్ళి కూర్చోబెట్టింది అస్కాలె. కోపం మంచిదే గానీ, కళ్ళు మూసుకుని వచ్చే కోపం ఎంత పని చేయిస్తుందో ఆమెకి అప్పుడు తెలిసింది.

కిందికి పరుగెత్తితే యాభై రెండు మెట్లు, ఆపైన పొడుగాటి వసారా. అంతసేపు వార్లు ఆగేలా లేవు. అరిస్తే ఆ ముసలి ప్రాణాలు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి అక్కడే తొక్కుకు చస్తారు. నడిమిన ఉన్న ముడి ఆమె కళ్ళముందే వేలెడు జారింది.

"పట్టుకోండి," అంది. "దూలానికి రెండు చుట్లు వేసి లాగిపట్టండి."

ఖాసాహున్ తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ జంకు ఎంతసేపో కాదు, రెప్పపాటు. అస్కాలె మాత్రం ఆ రెప్పపాటును జన్మలో మరిచిపోలేదు. తరవాత ఆయన మోకాళ్ళ మీద కూలబడి, ఆ జారుడు తోలుని రెండు చేతులా ఒడిసిపట్టి, దూలానికి చుట్టి, వెనక్కి వాలి లాగాడు.

దీపాల గుత్తి దిగే కంతకి చెక్కమూత ఉంది. దాన్ని మెల్లిగా జరిపి అస్కాలె దూలం మీద బోర్లా పడుకుని నోరు కంతకి ఆనించింది. ఆర్మేనియా మేస్త్రీ ఆ గుమ్మటాన్ని ఎంత కొలిచి కట్టాడో గానీ, నడిమి కంతలో గుసగుస పెడితే ఐదో వరుసలో చెవిలో చెప్పినట్టు వినబడుతుంది. పాతవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

"జెనెబెచ్ అమ్మా, అస్కాలెని. తల ఎత్తకండి. కప్పు జారుతోంది. చప్పుళ్ళు, పరుగులు వద్దు. అందర్నీ బాల్కనీ కిందికి, రాతి స్తంభాల దగ్గరికి నడిపించండి."

జెనెబెచ్ గారు తలెత్తలేదు. యాభై ఏళ్ళు రంగస్థలం మీద చచ్చి బతికిన మనిషి. దిండు తీసి పక్కన పెట్టి, లేచి, సభకి పెద్దముత్తైదువలా అందర్నీ ఒకసారి కలయజూసింది. ఇక్కడ ఎండ కళ్ళల్లో పడుతోంది, లేవండి, ఆ వెనక చల్లగా కూర్చుందాం, గబగబా లేస్తే నాకు భుజం నొప్పి పుడుతుంది అని నవ్వుతూ చెప్పింది. ఆ హాల్లో ఎండ పడే కిటికీ ఒక్కటీ లేదు. అయినా ఎవరూ అడగలేదు. ఆమె చెబితే లేవడం వాళ్ళకి అలవాటు. వరస తరవాత వరస, కర్రలు ఆనించుకుంటూ, ఒకళ్ళ మోచెయ్యి ఒకళ్ళు పట్టుకుంటూ కదిలారు.

కంతలోంచి అస్కాలెకి తెల్లని పైబట్టలు, నెరిసిన తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ తలల నడుమ, గుమ్మం దగ్గర, ఒక్క మొహం కనిపించింది. హాలు మొత్తానికి పైకి చూస్తున్న మనిషి ఒక్కడే. శిమెలిస్.

చివరి ముసలాయన పైబట్ట కొస బాల్కనీ నీడలోకి వెళ్ళిందో లేదో, ఖాసాహున్ చేతుల్లోంచి తోలు వారు సర్రున జారిపోయింది. బండెడు గచ్చు ఐదో వరుస మీద కూలి కుర్చీల్ని పిండి చేసింది. పొడిగా ఉన్న వార్లు మాత్రం కిర్రుమంటూ తక్కిన గుమ్మటాన్ని పట్టుకునే ఉన్నాయి.

శిమెలిస్ ఎటూ పారిపోలేదు. కానిస్టేబుళ్ళు పట్టుకుంటే చేతులు తనే చాచాడు. అతని పర్సులోనే దొరికింది రెండో తాళంచెవి. ఇక్కడ లేవబోయే పద్నాలుగంతస్తుల మేడలో ఒక అంతస్తు తనకి రాసిస్తారన్న మాట కూడా పెద్దగా దాచలేదు. తన మొదటి ఉద్యోగంలో గాషే బెయెన్ వెంట అటక ఎక్కి కలబంద పూసింది తనేననీ, వార్ల సంగతి అప్పుడే తెలిసిందనీ ఒప్పుకున్నాడు. అన్నీ ఒప్పుకుని, అస్కాలె దగ్గరకి వంగి, ఇంకెవరికీ వినబడకుండా ఒక మాట అన్నాడు.

"వార్లని రాస్తే అవి ముసలాడికెలా తెలుసో కూడా రాయాలి కదమ్మా. వాళ్ళ నాన్న తోళ్ళవాడు, ఆ రోజుల్లో నాతో తనే అన్నాడు. కూతుర్ని ఇచ్చిన చోట ఆ సంగతి ఎవరికీ తెలీదు. సోమవారం సంకెళ్ళు పడేప్పుడే ముసలాడి చెవిలో వేశా, నువ్వు తోలంటే నేను తోళ్ళవాడంటానని. ఇప్పుడు మీరు రాయండి, నేనూ చెబుతా."

అస్కాలె చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని బలవంతాన దింపుకుని జేబులో పెట్టుకుంది. మూడు రోజులు ఒక ముసలివాణ్ణి నోరెత్తకుండా చేసింది తుప్పు కాదు, నేరం కాదు, తండ్రి చేసిన పని.

ఐదో గంట దాటింది. ఠాణాకి వచ్చి లాకప్పు తెరిపించి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆరో గంటలోపు తోలు వార్ల సంగతి రాతపూర్వకంగా వెళ్తే కమిటీ సంతకం ఆగుతుంది. అది నిలబడాలంటే వాటిని కాపాడిన మనిషి వాంగ్మూలం కావాలి. కానీ ఆ మాట ఆయన నోట రాకపోతే తను రాయనని, వేరే దారి వెతుకుతానని కూడా చెప్పింది. ఖాసాహున్ గుమ్మంలో నిలబడి విన్నాడు. అతని చేతులకి ఇంకా ఆ వాసన పోలేదు.

గాషే బెయెన్ మొదట అడిగింది ఒక్కటే, అందరూ బతికారా అని. బతికారన్నాక మెల్లిగా మొదలుపెట్టాడు. తీగలు తెచ్చే ఓడ ఏనాడూ రేవుకి రాలేదు. థియేటరు తెరిచే రోజు దగ్గరపడుతోంది. మేస్త్రీ ఊరి చివరికి వెళ్ళి తోళ్ళవాళ్ళని నలభై మందిని తెచ్చుకున్నాడు. పగళ్ళన్నీ అటకలోనే, పంచెలు బిగించి, వార్లు కట్టారు. తెరిచిన నాడు వాళ్ళని ముందు గుమ్మంలోకి రానివ్వలేదు. వెనక సందులో నిలబడి, లోపల వాయిద్యాలు మోగుతుంటే, తమ కప్పు కింద పాట ఎట్లా ఉందో గోడకి చెవి ఆనించి విన్నారు. తండ్రి భుజం మీద నాలుగేళ్ళ బెయెన్ కూడా విన్నాడు. పెద్దయ్యాక ఆ థియేటరులో పని దొరకడానికి తన పేరు పక్కన ఉండే తండ్రి పేరు మార్చుకోవాల్సి వచ్చింది.

మాట మధ్యలో ఆయన చూపు గుమ్మం దాటి వరండాలోకి పోయి ఆగింది. అస్కాలె వెనక్కి తిరిగి చూసింది. కాఫీ జాడీ పట్టుకుని ఆయన కూతురు నిలబడి ఉంది. ఆమె వెనక, జరీ అంచు పైబట్టలో, అత్తగారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు. అస్కాలె తలుపు మూయడానికి లేచింది. ముసలాయన చెయ్యెత్తి వద్దన్నాడు.

ఖాసాహున్ లోపలికి వచ్చి, కాగితం తనే తీసుకుని, నేలమీద కూర్చుని కలం తెరిచాడు.

"పేరు బెయెన్ అయ్యాలెవ్ అని ఉంది గాషే. అదే రాయమంటారా?"

"అయ్యాలెవ్ ఎవరో నాకు తెలీదు బాబూ. అరువు తెచ్చుకున్న పేరది." ఆయన గొంతు వరండా చివరిదాకా వినబడేలా పెంచాడు. "బెయెన్ చెకోల్. తోళ్ళు పదునుచేసే చెకోల్ కొడుకుని. రాయండి."